అంటువ్యాధి కాలమున రాకపోకల కట్టుబాట్లు – పంచాయతీల కర్తవ్యము

2020వ సంవత్సరము మార్చి చివరి వారమున మన తెలుగు జిల్లాలలోని అనేక గ్రామముల పొలిమేరలలో ఒక వింత దృశ్యము కానవచ్చెను. దారికి అడ్డముగా ముళ్లకంపలు వేసిరి. కొన్నిచోట్ల మొద్దులు, బండరాళ్లు దొర్లించిరి. మరికొన్నిచోట్ల దారినే తవ్వి కందకము చేసిరి. బయటివారు రావలదని అట్టముక్కలపై వ్రాసి వ్రేలాడదీసిరి. యువకులు వంతులు వేసికొని రాత్రింబవళ్లు కాపలా కాచిరి.

ఆ పని చేసినవారి ఉద్దేశము మంచిదే. కోవిడ్ వ్యాధి పట్టణములనుండి పల్లెకు రాకుండ ఊరిని కాపాడుకొనవలెనన్నదే వారి తలంపు. అయితే మనము ఒక్క క్షణము ఆలోచింపవలెను. ఆ రాత్రి ఆ ఊరిలో ఒక ఇల్లాలికి ప్రసవవేదన ప్రారంభమైనచో 108 వాహనము ఏ దారిన రావలెను? తెల్లవారినపిమ్మట పాలక్యాను ఏ దారిన పోవలెను? పట్టణములో కూలి పోయి, అద్దె చెల్లింపలేక, కాలినడకను స్వగ్రామమునకు చేరిన బిడ్డడు ఆ కంపకు ఆవల ఎంతకాలము నిలువవలెను?

అంటువ్యాధి ప్రబలినపుడు రాకపోకలను ఆపుట అవసరమే. కాని గోడ కట్టినంత మాత్రమున ఇల్లు కాదు. గోడకు తలుపు ఉండవలెను. ఆ తలుపును ఎవరికి తీయవలెనో, ఎవరు తీయవలెనో, ఏ నియమముపై తీయవలెనో తెలిసియున్న గ్రామమే క్షేమముగ ఉండును. ఈ విషయమును గూర్చి పంచాయతీ సభ్యులకు కొన్ని సంగతులు మనవి చేయదలచితిమి.

రాకపోకలను ఎందుకు ఆపుదురు?

కోవిడ్ వైరసు రోగి ఊపిరినుండి, దగ్గు తుమ్ముల తుంపరలనుండి ఇతరులకు సోకును. సోకిన పిమ్మట లక్షణములు బయటపడుటకు సామాన్యముగా 5, 6 దినములు పట్టును. ఒక్కొక్కప్పుడు 14 దినముల వరకు పట్టవచ్చును. లక్షణములు కనబడుటకు ముందే ఆ మనిషినుండి వ్యాధి ఇతరులకు పాకగలదు. కావున ఎవనియందు రోగమున్నదో, ఎవనియందు లేదో చూచి చెప్పుట సాధ్యము కాదు. ఇందుచేతనే అందరి కదలికలను తగ్గింపవలసివచ్చినది.

ఇక్కడ మూడు మాటలకు భేదము తెలిసికొనవలెను. రోగమున్నదని తేలినవానిని వేరుగా ఉంచుట ఐసొలేషన్. రోగము సోకియుండవచ్చునను అనుమానమున్నవానిని నిర్ణీత దినములు వేరుగా ఉంచి కనిపెట్టుట క్వారంటైన్. ఆరోగ్యవంతులతో సహా అందరి రాకపోకలను ఆపుట లాక్‌డౌన్. మొదటి రెండును కొందరికి సంబంధించినవి. మూడవది అందరికిని సంబంధించినది. కనుకనే దానివలన కలుగు కష్టమును అందరిమీద పడును. పేదవానిమీద మరింత ఎక్కువగా పడును.

క్వారంటైన్ పద్ధతి క్రొత్తది కాదు. ప్లేగు వ్యాధి ఐరోపాను పీడించిన దినములలో, 1377వ సంవత్సరమున, నేడు డుబ్రోవ్నిక్ అని పిలువబడుచున్న రగూసా రేవుపట్టణమువారు వ్యాధి ఉన్న తావులనుండి వచ్చువారిని 30 దినములు వెలుపల నిలిపిరి. పిదప వెనిసు మొదలగు నగరములలో ఆ గడువు 40 దినములయ్యెను. నలువది అను అర్థముగల ఇటలీ మాటనుండియే క్వారంటైన్ అను పదము పుట్టినది. గడువు ఎంత అన్నది ముందుగనే చెప్పుట ఈ పద్ధతిలోని ప్రధానాంశమని సభ్యులు గమనింపగోరుచున్నాము. ఎప్పుడు విడిచిపెట్టుదురో తెలియని నిర్బంధము క్వారంటైన్ కాదు.

లాక్‌డౌన్ రోగమును నయము చేయు మందు కాదు. అది కాలమును సంపాదించు ఉపాయము. ఆ కాలములో ఆసుపత్రులు, పరీక్షాశాలలు, ప్రాణవాయువు సిద్ధము కావలెను. మన దేశమున టీకాలు వేయుట 2021 జనవరి 16న ప్రారంభమైనది. అంతవరకు ప్రజల సంయమనమే ముఖ్యమైన రక్షణగా ఉండెను.

అధికారము ఎచటినుండి వచ్చినది?

పౌరుని నడకను ఆపుట చిన్న విషయము కాదు. దేశమంతట స్వేచ్ఛగా సంచరించుటకు మన రాజ్యాంగము పౌరునికి హక్కు ఇచ్చియున్నది. ప్రజాశ్రేయస్సుకొరకు, చట్టముద్వారా, సమంజసమైన మేరకు మాత్రమే దానికి పరిమితి విధింపవచ్చును.

1896లో బొంబాయిలో ప్లేగు వ్యాపించిన తరువాత నాటి ప్రభుత్వము 1897లో అంటువ్యాధుల చట్టమును చేసెను. నాడు అది నాలుగే సెక్షన్లు గల చిన్న చట్టముగా ఉండెను. దానిక్రింద రాష్ట్ర ప్రభుత్వములు వ్యాధి నివారణకు నియమములు చేయవచ్చును. 2020 మార్చి 22న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు రెండును ఆ మాసాంతము వరకు లాక్‌డౌన్ ప్రకటించెను. మార్చి 24వ తేదీ రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి దేశమంతటికిని లాక్‌డౌన్ ప్రకటింపగా, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టముక్రింద అది నాటి అర్ధరాత్రినుండి అమలులోనికి వచ్చెను. మొదట 21 దినములని చెప్పబడిన ఆ గడువు మూడు పర్యాయములు పొడిగింపబడి మే 31 వరకు, అనగా మొత్తము 68 దినములు, సాగినది.

పై చట్టములలో ఎచటను ఒక ఊరివారు తమంతట తాము రహదారిని మూయవచ్చునని లేదు. నలుగురు గుమిగూడరాదని ఉత్తర్వు చేయు అధికారము జిల్లా మేజిస్ట్రేటునకు, ఆయన క్రింది కార్యనిర్వాహక మేజిస్ట్రేటులకు కలదు. నాడు అది 144వ సెక్షన్ పేర ప్రసిద్ధము. 2024 జూలై 1న క్రొత్త చట్టములు అమలులోనికి వచ్చిన పిమ్మట అది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షన్ అయినది. ఆ అధికారము సర్పంచునకు గాని, పెద్దమనుష్యులకు గాని, కాపలా యువకులకు గాని లేదు. దారిని తవ్వుటయన్న మాటే లేదు. పంచాయతీకి చట్టము అప్పగించిన పని వేరు. పారిశుద్ధ్యము కాపాడుట, అంటువ్యాధులు ప్రబలకుండ నివారణ చర్యలు తీసికొనుట దాని విధులు. ఈ భేదమును మరచినచో సదుద్దేశముతో చేసిన పనియే నేరము కాగలదు.

పూనా నేర్పిన పాఠము

కట్టుబాటు కఠినమైనకొలది వ్యాధి త్వరగా తగ్గునని కొందరు తలచెదరు. 1897లో పూనా పట్టణమున ఏమి జరిగెనో చూచిన ఆ భ్రమ తొలగిపోవును. ప్లేగు రోగులను వెదకుటకై సైనికులు ఇండ్లలో ప్రవేశించిరి. రోగులను ఆసుపత్రికిని, తక్కిన కుటుంబమును వేరు శిబిరములకును తరలించిరి. ప్రజల మర్యాదను, ఆచారములను లెక్కింపలేదన్న ఆగ్రహము పెరిగెను. భయపడిన జనులు రోగులను దాచిరి. తుదకు ఆ కార్యమునకు అధిపతియైన రాండ్ అను అధికారి ఆ సంవత్సరము జూన్ 22న కాల్పులకు గురియై, పిదప మరణించెను.

రోగిని దాచిన ఇంటినుండి రోగము ఊరంతయు ప్రాకును. జనులు తమంతట తాము వచ్చి జ్వరమున్నదని చెప్పుకొనునట్టి నమ్మకము కలిగించుటయే అన్నిటికంటె గొప్ప కాపలా.

మినహాయింపులే ఊరికి ఊపిరి

2020 మార్చి 24 నాటి ఉత్తర్వులోనే ఆహారపదార్థములు, పాలు, కూరగాయలు, పశుగ్రాసము, మందుల దుకాణములు, ఆసుపత్రులు, అంబులెన్సులు, బ్యాంకులు, వంటగ్యాసు మొదలగువాటికి మినహాయింపు ఇయ్యబడినది. రబీ పంట చేతికి వచ్చు సమయమగుటచే మార్చి 27న రైతులు, వ్యవసాయ కూలీలు చేయు పొలము పనులకును, ధాన్యము కొనుగోలునకును, ఎరువుల దుకాణములకును, రాష్ట్రములమధ్య తిరుగు కోతయంత్రములకును అనుమతి లభించెను. ఏప్రిల్ 20 నుండి ముఖమునకు గుడ్డ కట్టుకొని, ఎడము పాటించి, ఉపాధి హామీ పనులు చేయవచ్చునని చెప్పబడినది.

అయినను ఢిల్లీలో వ్రాసిన మినహాయింపు మన కూడలికి వచ్చుటకు కాలము పట్టెను. ఉత్తర్వు సంగతి తెలియక ఆపబడిన బండ్లు, వాటిలో మాగిపోయిన పండ్లు, వాడిపోయిన కూరగాయలు అనేకము. బండిని ఆపినవాడు దుర్మార్గుడు కాడు. అతనికి ఆంక్ష మాత్రమే తెలిసినది, మినహాయింపు తెలియలేదు. కావున ఆంక్షలకంటె ముందు మినహాయింపులను చాటవలెనని మేము గట్టిగా చెప్పుచున్నాము.

దారిలో చిక్కుకొన్నవారు

లాక్‌డౌన్ ప్రకటనకును అమలునకును మధ్య ఉన్న వ్యవధి నాలుగు గంటలు మాత్రమే. ఎక్కడివారు అక్కడనే నిలిచిపోయిరి. ఆ వారముననే హైదరాబాదులోని వసతిగృహములు మూతపడగా వాటిలోని విద్యార్థులు, ఉద్యోగులు పోలీసులిచ్చిన అనుమతి పత్రములు చేతబట్టుకొని ఆంధ్రప్రదేశ్‌కు బయలుదేరిరి. నాటి కృష్ణా జిల్లాలోని గరికపాడు తనిఖీ కేంద్రమువద్ద వేలమంది గంటల తరబడి నిలిచిపోవలసివచ్చెను. ఒక ప్రక్కవారు ఇచ్చిన కాగితము రెండవ ప్రక్కవారికి సమ్మతము కానిచో అది కాగితమే గాని అనుమతి కాదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి గుజరాతు తీరమునకు వేటకు పోయిన మత్స్యకారులు వేల సంఖ్యలో అచ్చట చిక్కుకొని, ఏప్రిల్ చివరనుండి బస్సులలో స్వస్థలములకు చేరిరి.

మన ప్రాంతములకు పనికి వచ్చిన పరరాష్ట్ర కూలీల స్థితియు ఇట్టిదే. తెలంగాణ ప్రభుత్వము అట్టివారికి తలకు 12 కిలోల బియ్యమును, 500 రూపాయలను ప్రకటించెను. అయినను ఇల్లు చేరవలెనను ఆరాటముతో వేలమంది ఎండలో రోడ్డుపట్టి నడచిరి. 2020 మే 1న దేశములో మొదటి శ్రామిక ప్రత్యేక రైలు హైదరాబాదు చెంత లింగంపల్లినుండి సుమారు 1,200 మందితో ఝార్ఖండులోని హటియాకు బయలుదేరినది. నడచి పోయిన కూలీలపై లాక్‌డౌన్ ఉల్లంఘన పేర పెట్టిన కేసులను ఉపసంహరించు విషయము పరిశీలింపవలసినదిగ జూన్ 9న సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించెను. ఆకలితో ఇంటికి నడచువాడు నేరస్థుడు కాడను న్యాయము ఇందు ఇమిడియున్నది.

రెండవ విజృంభణలో మరియొక ఘట్టము జరిగినది. 2021 మే నెలలో, ముందుగా ఆసుపత్రిలో పడక నిశ్చయము కాలేదను కారణముచే, హైదరాబాదుకు పోవుచున్న రోగుల అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులయందు పోలీసులు ఆపిరి. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వు అమలును నిలిపివేసెను. రాష్ట్రపు సరిహద్దుకైనను తలుపు తప్పదని తేలినపుడు, గ్రామపు పొలిమేరను గూర్చి వేరుగా చెప్పనేల?

లాఠీ శిక్ష కాదు

లాక్‌డౌన్ దినములలో పోలీసులు పడిన శ్రమ అపారము. మండుటెండలో కూడళ్లలో నిలిచి వారు విధి నిర్వహించిరి. ఎందరో వ్యాధి సోకి ప్రాణములు కోల్పోయిరి. వారికి సహకరించుట అందరి ధర్మము. అట్లే ఆజ్ఞను మీరినవానికి శిక్ష ఏదో కూడ అందరును తెలిసికొనవలెను.

విపత్తు నిర్వహణ చట్టముక్రింద ఉత్తర్వును ధిక్కరించినవానికి ఒక సంవత్సరమువరకు, దానివలన ప్రాణనష్టముగాని ప్రాణాపాయముగాని కలిగినచో రెండు సంవత్సరములవరకు కారాగారశిక్ష విధింపవచ్చును. అధికారి ఆజ్ఞను మీరుట నాడు శిక్షాస్మృతిలోని 188వ సెక్షన్ క్రింద నేరము. నేడు భారతీయ న్యాయసంహితలోని 223వ సెక్షన్ క్రింద నేరము. ఈ నేరమును గూర్చి సంబంధిత అధికారి వ్రాతపూర్వకముగ ఫిర్యాదు చేసినపుడే న్యాయస్థానము విచారణకు తీసికొనును. ఈ శిక్షలన్నియు విధించునది న్యాయస్థానము. దారిలో గుంజిళ్లు తీయించుట, లాఠీతో కొట్టుట ఏ చట్టములోను శిక్షగా లేవు.

హద్దు మీరినచో ఏమగునో 2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళమునందు దేశము చూచినది. దుకాణమును వేళ దాటి తెరచియుంచిరన్న ఆరోపణపై నిర్బంధింపబడిన తండ్రి, కొడుకు ఇరువురును పోలీసు నిర్బంధములో హింసకు గురియై మరణించిరి. కేసు సీబీఐకి అప్పగింపబడి, పోలీసు సిబ్బందిపై హత్యాభియోగము మోపబడినది. కొన్ని నిమిషముల ఆలస్యమునకు రెండు ప్రాణములు వెల కారాదు.

ప్రజల పక్షమునకూడ దోషములు జరిగినవి. సర్వేకు వచ్చిన ఆరోగ్య సిబ్బందిని దూషించుట, కొట్టుట కొన్నిచోట్ల సంభవించెను. అందుచే 2020లో అంటువ్యాధుల చట్టమును సవరించి, ఆరోగ్య సిబ్బందిపై హింసకు 3 నెలలనుండి 5 సంవత్సరములవరకు, తీవ్రమైన గాయమైనచో 6 నెలలనుండి 7 సంవత్సరములవరకు శిక్షను, జరిమానాను నిర్ణయించిరి. ఊరి ఆశా కార్యకర్త మన ఇంటి ఆడపడుచు వంటిది. ఆమెకు రక్షణ కల్పించుట పంచాయతీ మొదటి విధి.

ఒడిశా చూపిన మార్గము

2020 ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వము, ఇతర రాష్ట్రములనుండి తిరిగి వచ్చువారి క్వారంటైన్ విషయమున కలెక్టరుకుగల అధికారములను ఆ గ్రామ పరిధిలో సర్పంచులకు అప్పగించెను. తిరిగి వచ్చువాడు పంచాయతీలో నమోదు చేయించుకొనవలెను. 14 దినములు గ్రామములోని కేంద్రమున ఉండవలెను. భోజనము, వసతి ఉచితము. గడువును సక్రమముగ పూర్తి చేసినవానికి 2,000 రూపాయల ప్రోత్సాహకము ఇయ్యబడును. ఇందలి విశేషమును గమనింపుడు. వచ్చువానిని వెళ్లగొట్టలేదు, లోపలికి విచ్చలవిడిగను విడువలేదు. పేరు వ్రాసికొని, అన్నము పెట్టి, దినములు లెక్కించి, ఇంటికి పంపిరి. అధికారము ప్రభుత్వమునుండి వచ్చినది. అమలు ఊరివారు చేసిరి. ఇదియే సరియైన క్రమము.

మనము ఏమి చేయవలెను?

ఇట్టి వ్యాధి మరల ఎన్నడైనను రావచ్చును. కావున తీరిక సమయముననే పంచాయతీ సమావేశములో ఈ విషయములను చర్చించి తీర్మానించుకొనుట మేలు.

ఉత్తర్వు వచ్చిన దినముననే దాని ప్రతిని తహసీల్దారు కార్యాలయమునుండి తెప్పించి పంచాయతీ నోటీసు పలకపై అంటింపవలెను. మినహాయింపులను పైన, ఆంక్షలను క్రింద వ్రాయవలెను. చదువురానివారికొరకు వీధివీధిని చాటింపు వేయింపవలెను. అమలు మొదలగు తేదీ, ముగియు తేదీ స్పష్టముగ చెప్పవలెను.

పొలిమేరయందు తనిఖీ ఉండవలసినచో పోలీసువారి అనుమతితో, ఒక్క మనిషి ఎత్తగల వాసము మాత్రమే అడ్డముగ ఉంచవలెను. కర్రలు పట్టిన గుంపునకు బదులు పుస్తకము పట్టిన ఇద్దరు మనుష్యులు చాలుదురు. వచ్చినవాని పేరు, ఏ ఊరినుండి వచ్చినది, ఫోను నంబరు వ్రాసికొని ఏఎన్ఎంకు తెలుపవలెను. అంబులెన్సును ప్రశ్నింపక విడువవలెను.

క్వారంటైన్‌కు పాఠశాలను ఏర్పాటు చేసినచో ముందుగా మరుగుదొడ్లు, మంచినీరు, దీపములు సరిచూడవలెను. స్త్రీలకు వేరు గది ఉండవలెను. భోజనము వేళకు అందవలెను. గడువు ముగిసిన దినమున ఆరోగ్య సిబ్బంది ధ్రువపత్రముతో ఇంటికి పంపవలెను. రోగుల పేర్లను రచ్చబండపై చర్చింపరాదు. రోగి కుటుంబమునకు నీరు, సరకులు ఆపుట, కులమును మతమును బట్టి నిందించుట, చనిపోయినవారికి శ్మశానములో చోటు నిరాకరించుట మహాపరాధములు. పంచాయతీ స్వయముగ జరిమానాలు వేయరాదు, వెలివేయరాదు. ఎవడైనను మాట విననిచో ఎస్సైకో, తహసీల్దారుకో తెలుపవలెను.

ఊరిలో రేషను కార్డు లేనివారు, పరప్రాంత కూలీలు, ఒంటరి వృద్ధులు ఎవరో పట్టిక ముందుగనే ఉండవలెను. ఇంట బియ్యము లేనివానిని ఇల్లు కదలవద్దనుట న్యాయము కాదు. అతని గడపకు సరకు చేరిననాడు మన ఆజ్ఞ దానంతట అదియే అమలగును.

చివరగా ఒక మాట. ఉత్తర్వు గడువు తీరిననాడే అడ్డు తొలగిపోవలెను. కీడు కాలమున వేసిన కంప మేలు కాలమున ఉండరాదు. 2020లో వేసిన ముళ్లకంపలు ఎన్నడో పొయ్యిలపాలయినవి. కాని కంపకు ఆవల నిలిచినవాడు ఆ దినమును మరువడు. అతనికి చెంబెడు నీరు, కూర్చుండుటకు నీడ ఇచ్చిన ఊరినిగూడ మరువడు. మన గ్రామము అతనికి ఏ విధముగ జ్ఞాపకమునకు రావలెనో సభ్యులే నిర్ణయింపవలసియున్నది.